పోపులో మాడిన మిరపకాయ ఇల్లంతా ఎందుకు దగ్గిస్తుంది?

చంటిబిడ్డ పాలు తాగకుండా గుక్కపట్టి ఏడుస్తుంటే ఇంట్లో పెద్దావిడ గుప్పెట్లోకి కాస్త ఉప్పు, నాలుగు ఎండుమిరపకాయలు తీసుకుంటుంది. బిడ్డ చుట్టూ మూడుసార్లు తిప్పి దిష్టి తీసి, వాటిని భగభగ మండుతున్న పొయ్యిలో పడేస్తుంది. అందరూ కాసేపు ఊపిరి బిగబట్టి చూస్తారు. ఘాటు రాదు. "చూశారా, ఎంత దిష్టి తగిలిందో! ఒక్కరికీ దగ్గు రాలేదు" అంటుందావిడ. మర్నాడు పొద్దున్నే అదే ఇంట్లో, అదే డబ్బాలోంచి తీసిన మిరపకాయ ఒక్కటి పోపు గరిటెలో మాడుతుంది. వంటింట్లో ఉన్నవాళ్ళ సంగతి సరే, వీధి అరుగు మీద పేపరు చదువుకుంటున్న తాతగారు కూడా దగ్గుతూ లేచి వస్తారు.

నాలుగు కాయలు నిప్పులో కాలినా ఎవరికీ తెలియలేదు. ఒక్క కాయ నూనెలో మాడితే ఇల్లంతా దగ్గింది. కాయలు ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ వెళితే దారిలో ఇంకా చాలా సంగతులు తెలుస్తాయి. పోపులో మిరపకాయ ఎప్పుడు వెయ్యాలి, పొడికి ఎంతవరకు వేయించాలి, పచ్చడికి ఎందుకు నానబెట్టాలి, కారం నషాళానికి అంటితే ఏం తినాలి. ఇవన్నీ మన వంటింట్లో తరతరాలుగా తెలిసిన పనులే. వాటి వెనకున్న కారణాలు ఈ అధ్యాయంలో చూద్దాం.

కాయను విప్పి చూద్దాం

ఒక ఎండుమిరపకాయ తీసుకుని నిలువునా చీల్చండి. పైన తొడిమ. చుట్టూ ఎర్రటి తోలు. లోపల పసుపురంగు గింజలు. గింజలు అంటుకుని ఉన్న చోట, కాయ పొడవునా, కాగితంలా పలచగా ఒక లేత రంగు ఈనె కనిపిస్తుంది. పచ్చికాయలో అయితే ఇది తెల్లగా, మెత్తగా ఉంటుంది.

వీటిలో కారం ఎక్కడుంది? పదిమందిని అడిగితే ఎనిమిది మంది గింజల్లో అంటారు. నిజానికి మిరప గింజ కారాన్ని తయారు చేసుకోదు. కారం పుట్టేది ఆ ఈనెలో. గింజలు దాన్ని ఆనుకుని పెరుగుతాయి కాబట్టి వాటికి కారం పూసుకుంటుంది, అంతే. గింజలు దులిపేస్తే కారం తగ్గుతుందని మనవాళ్ళు చెప్పే మాట మాత్రం తప్పు కాదు. గింజల్ని దులిపేటప్పుడు వాటితోపాటు ఈనె కూడా చాలావరకు ఊడి వచ్చేస్తుంది. కారం తగ్గేది అందుకే.

ఆ కారపు పదార్థానికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు క్యాప్సైసిన్. దీన్ని శుద్ధి చేసి చూస్తే రంగు ఉండదు, వాసన ఉండదు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే చాలా అపోహలు తీరిపోతాయి. ఎర్రగా ఉన్న కాయ కారంగా ఉంటుందనుకోవడం అలాంటి అపోహే. కర్ణాటకలో హావేరి జిల్లా బ్యాడిగి మిర్చి ముదురు ఎరుపు, ముడతల తోలు. కారం మాత్రం తక్కువ. మన వరంగల్ చపాటా మిర్చి కూడా అంతే, చూపుకి కెంపు, నాలుకకి సౌమ్యం. తేజ రకం సన్నగా, చిన్నగా ఉంటుంది గానీ నోట్లో పెడితే నిప్పు. ఎరుపునిచ్చేది వేరే పదార్థం. దాని పేరు క్యాప్సాంథిన్, క్యారెట్‌కు రంగునిచ్చే పదార్థానికి దగ్గరి చుట్టం. అది ఉండేది తోలులో.

కారాన్ని కొలవడానికి 1912లో అమెరికాలో విల్బర్ స్కోవిల్ అనే ఔషధ శాస్త్రజ్ఞుడు ఒక పద్ధతి కనిపెట్టాడు. మిరపకాయ సారాన్ని ఆల్కహాల్‌లోకి దించి, దాన్ని పంచదార నీళ్ళతో పలచన చేస్తూ రుచి చూసేవాళ్ళకి ఇచ్చాడు. ఇక కారం తెలియడం లేదని వాళ్ళు అనేదాకా పలచన చేయడమే. ఎన్ని రెట్లు పలచన చేయాల్సి వచ్చిందో అదే ఆ కాయ కారం. ఇప్పుడు ఈ పని యంత్రాలు చేస్తున్నాయి కానీ కొలత పేరు మాత్రం స్కోవిల్‌దే. గుంటూరు సన్నం రకం సుమారు 35,000 నుంచి 40,000 స్కోవిల్ దాకా ఉంటుంది. శుద్ధమైన క్యాప్సైసిన్ అయితే 1 కోటి 60 లక్షలు.

కారం, ఎరుపు అయ్యాయి. మూడోది వాసన. ఇది ఒకే పదార్థం కాదు, గాలిలోకి తేలికగా ఎగిరే ఎన్నో చిన్న పదార్థాల కలయిక. అంటే ఒకే కాయలో ముగ్గురు కాపురం ఉంటున్నారన్నమాట. ముగ్గురి స్వభావాలూ వేరు. కారం నూనెలో కరుగుతుంది, నీళ్ళలో దాదాపు కరగదు, మామూలు వంట వేడికి అంత తేలికగా చెడిపోదు. ఎరుపు కూడా నూనెలోనే కరుగుతుంది, కానీ వెలుతురుకి, గాలికి వెలిసిపోతుంది. వాసన వేడికి పుడుతుంది, ఆ వేడికే ఎగిరిపోతుంది కూడా. ఎండుమిర్చితో వంట అంటే ఈ ముగ్గురిలో ఎవరిని ఎంతవరకు బయటికి పిలవాలో తెలుసుకోవడమే.

ఎండలో ఏం జరుగుతుంది?

పండిన మిరపకాయ బరువులో ముప్పాతిక వంతు దాకా నీరే ఉంటుంది. కల్లంలో ఎండి మన ఇంటికి వచ్చేసరికి ఆ నీరు పదో వంతుకి దిగుతుంది. లెక్క వేస్తే నాలుగు కిలోల పండుమిర్చి ఎండి కిలోకి కాస్త పైన తూగుతుంది. నీళ్ళు పోయాయి కానీ కారం పోలేదు. అందుకే గుప్పెడు పండుమిర్చి నూరిన పచ్చడి కన్నా, అదే బరువు ఎండుమిర్చితో చేసినది మూడు నాలుగు రెట్లు కారంగా ఉంటుంది.

ఎండటమంటే నీరు పోవడమొక్కటే కాదు. పండులో ఉన్న చక్కెరలు, మాంసకృత్తుల తునకలు నీరు తగ్గేకొద్దీ దగ్గర దగ్గరగా చేరతాయి. రోజుల తరబడి ఎండ వేడి తగులుతుంటే వాటి మధ్య మెల్లగా చర్యలు మొదలవుతాయి. పచ్చిమిర్చిని తుంచితే వచ్చే ఆకువాసన పోయి, ఎండుద్రాక్షను తలపించే కమ్మదనం వస్తుంది. పచ్చిమిర్చి వేయాల్సిన చోట ఎండుమిర్చి వేస్తే వంట రుచే మారిపోయేది ఇందుకే. కొబ్బరి పచ్చడికి పచ్చిమిర్చి, కందిపచ్చడికి ఎండుమిర్చి అని మన ఇళ్ళలో వేరుచేసి చెప్పేది కారం ఎక్కువ తక్కువల గురించి కాదు, ఈ వాసన గురించి.

ఎండబెట్టడంలో తొందరపడినా, ఆలస్యం చేసినా ముప్పే. మంచు పడిన కల్లంలో, తడి నేల మీద, వానకి తడిసి మళ్ళీ ఎండిన కాయల్లో బూజు పట్టే అవకాశం ఉంది. ఆస్పర్జిల్లస్ జాతి బూజులు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తాయి. ఇది కాలేయానికి హానికరం, వంట వేడికి పూర్తిగా పోదు. కాబట్టి కాయను కొనేటప్పుడు విరిచి చూడండి. బాగా ఎండిన కాయ లోపల గింజలు గలగలమంటాయి. లోపల బూడిదరంగు నూగు, ముక్క వాసన ఉంటే ఎంత చౌకగా ఇచ్చినా వద్దు. తెల్లబారిన తాలుకాయలను ఏరి పారేయడం చాదస్తమేమీ కాదు, ఆరోగ్యం.

నూనెలో పడ్డ కాయ

పోపు పెట్టేటప్పుడు మన ఇళ్ళలో ఒక వరస ఉంటుంది. నూనె కాగాక ముందు శనగపప్పు, మినప్పప్పు, తర్వాత ఆవాలు, అవి చిటపటలాడుతుండగా ఎండుమిర్చి, చివరికి ఇంగువ, కరివేపాకు. ఇంటింటికీ కొంచెం మార్పు ఉండొచ్చు గానీ, ఎండుమిర్చిని అన్నిటికన్నా ముందు వేసేవాళ్ళు అరుదు. ఎందుకో చూద్దాం.

తడి ఉన్నంతసేపు ఏ పదార్థమైనా నూనెలో మాడదు. నూనె నుంచి వచ్చే వేడంతా ఆ తడిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. నీళ్ళు ఆవిరయ్యే వేడి 100 డిగ్రీలు. తడి అయిపోయేదాకా పదార్థం వేడి ఆ చుట్టుపక్కలే ఉంటుంది. తడి అయిపోయిన క్షణం నుంచి అది నూనె వేడిని అందుకోవడానికి పరుగెడుతుంది. ఆవాలు చిటపటలాడే నూనె 150 డిగ్రీలు దాటి ఉంటుంది. పచ్చిమిర్చిలో నీళ్ళు దండిగా ఉంటాయి కాబట్టి అది నూనెలో చాలాసేపు చిటపటలాడుతుంది, చీల్చకుండా వేస్తే ఆవిరి దారి దొరక్క పేలుతుంది. ఎండుమిర్చిలో ఉన్నది పదో వంతు తడి. నూనెలో పడగానే ఆ కాస్త తడీ ఆవిరై కాయను బుడగలా ఉబ్బిస్తుంది. మీరు చూసే ఉంటారు, ముడతలు పడ్డ కాయ నిగనిగలాడుతూ పొంగుతుంది. ఆ పొంగే క్షణమే దానికి చివరి రక్షణ. తర్వాత కొన్ని సెకన్లలో ఎరుపు ముదిరి, గోధుమవన్నె తిరిగి, నలుపెక్కుతుంది.

ఆ కొన్ని సెకన్లలోనే మంచి పోపు, చెడ్డ పోపు తేలిపోతాయి. ఎరుపు ముదిరి ఇటుక రంగుకి వచ్చినప్పుడు దించితే కమ్మటి వాసన. నల్లబడితే చేదు. ఆ చేదు నూనెలోకి దిగుతుంది, పప్పులో కలిస్తే ఇంకేం చేసినా పోదు. మాడిన పోపును పారేసి కొత్తగా పెట్టుకోవడమే మేలు. కరివేపాకును మిర్చి తర్వాత వేయడంలో మరో మంచి ఉంది. ఆకుల్లోని నీరు నూనెలో పడగానే చురచురమంటూ ఆవిరై నూనె వేడిని లాగేస్తుంది, మిర్చి మాడకుండా కాపాడుతుంది. పోపును వెంటనే పప్పులోనో, చారులోనో గుమ్మరించడం కూడా ఇలాంటి పనే. గరిటెను పొయ్యి మీద నుంచి దించినా నూనె వేడి అలాగే ఉంటుంది కదా.

ఇక కారం సంగతి. కాయను నిండుగా, తొడిమతో సహా వేస్తే నూనెకు తగిలేది తోలు మాత్రమే. ఈనె లోపల భద్రంగా ఉంటుంది. వాసన వస్తుంది, కారం మాత్రం కొద్దిగానే దిగుతుంది. పులిహోరలో ఎన్ని కాయలు కనిపించినా పిల్లలు హాయిగా తినగలిగేది ఇందుకే. కాయను రెండుగా తుంచి వేస్తే నూనె నేరుగా ఈనెను తాకుతుంది. కారం నూనెలో కరిగి వంటంతా పరుచుకుంటుంది. అవే నాలుగు కాయలు, తుంచినవీ తుంచనివీ, రెండు వేర్వేరు వంటలు చేస్తాయి. కారం తక్కువ తినేవాళ్ళ కోసం కాయల సంఖ్య తగ్గించాల్సిన పనిలేదు, తుంచకుండా వేస్తే చాలు.

నూనె ఎంత బలంగా కారాన్ని, రంగును పట్టుకుంటుందో చూడాలంటే చిన్న ప్రయోగం చేయండి. రెండు గాజు గ్లాసులు తీసుకోండి. ఒకదానిలో నీళ్ళు, ఒకదానిలో నువ్వుల నూనె పోయండి. రెండింట్లోనూ చెంచాడు కారం కలిపి రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున చూస్తే నూనె పైదాకా ఎర్రగా మెరుస్తుంటుంది. నీళ్ళు కాస్త రంగు తిరిగి మురికిగా ఉంటాయి తప్ప ఆ ఎరుపు రాదు. ఆవకాయలో జరిగేది ఇదే. ఆవకాయను పొయ్యెక్కించం. మామిడిముక్కల్లో కారం, ఆవపిండి, ఉప్పు, నూనె కలిపి జాడీలో పెడతాం. మూడో రోజు తిరగకలిపే వేళకి పైకి తేలిన నూనె ఎర్రగా ఉంటుంది. నిప్పు చేయాల్సిన పని అక్కడ నూనె, వ్యవధి కలిసి చేశాయి. ఆవకాయకు రంగున్న కారం, కారమున్న కారం రెండూ కలిపి వాడే ఇళ్ళు ఇందుకే ఉన్నాయి. ఎరుపు ఒక కాయ ఇస్తుంది, మంట మరో కాయ ఇస్తుంది.

పెనం మీద, పొయ్యిలో

కందిపొడికి, ఇడ్లీ కారానికి, నల్లకారానికి మిర్చిని మూకుట్లో వేయిస్తాం. ఇక్కడ నూనె లేదు, ఉన్నా చెంచాడే. వేడి తగిలేది మూకుడుకు ఆనిన చోట మాత్రమే. అందుకే కదుపుతూ ఉండాలి, మంట చిన్నదిగా ఉండాలి.

వేయించినప్పుడు వచ్చే ఆ వాసన ఎక్కడిది? కాయలోని చక్కెరలు, మాంసకృత్తుల తునకలు ఎక్కువ వేడికి ఒకదానితో ఒకటి కలిసి కొత్త పదార్థాలుగా మారతాయి. రొట్టె కాలినప్పుడు, వేరుశనగ వేగినప్పుడు, కాఫీ గింజ వేగినప్పుడు వచ్చే కమ్మదనం కూడా ఇదే చర్య వల్ల. 1912లో దీన్ని వివరించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ కామీ మెయిలార్డ్ పేరు మీద దీన్ని మెయిలార్డ్ చర్య అంటారు. మనం గోధుమవన్నె చర్య అనుకుందాం. చల్లమిరపకాయలు నూనెలో వేయగానే అంత త్వరగా నల్లబడేది కూడా దీనివల్లే. మజ్జిగలో ఊరి ఎండిన ఆ కాయల నిండా పాలచక్కెర, పాల మాంసకృత్తులు పట్టి ఉంటాయి. గోధుమవన్నె చర్యకు కావలసిన సరుకంతా సిద్ధంగా ఉన్నట్టే. వాటిని నూనె మరీ కాగకముందే వేసి, చిన్న మంట మీద వేయించి తీయాలి.

ఇప్పుడు మనం మొదట వేసుకున్న ప్రశ్న దగ్గరికి వచ్చాం. మూకుడు బాగా వేడెక్కినప్పుడు, లేదా పోపులో కాయ మాడినప్పుడు, కాయలో మిగిలిన ఆవిరితో, పొగతో, నూనె తుంపరతో కలిసి క్యాప్సైసిన్ కంటికి కనిపించనంత సన్నని కణాలుగా గాలిలోకి లేస్తుంది. ఆ వేడి దాన్ని కాయలోంచి వెళ్ళగొట్టడానికి చాలింది, పూర్తిగా కాల్చేయడానికి చాలలేదు. చెక్కుచెదరని కారమే మన ముక్కులోకి, గొంతులోకి వచ్చి పడుతుంది. గొంతులో, శ్వాసనాళాల్లో ఉన్న నాడుల కొసలు దాన్ని పసిగట్టి వెంటనే దగ్గు రప్పిస్తాయి. దగ్గు మీద పరిశోధన చేసే వైద్యులు రోగులకు క్యాప్సైసిన్ తుంపరనే పీల్పించి, ఎంత మోతాదుకి దగ్గు వస్తుందో కొలుస్తారు. పోపు మాడినరోజు మన వంటిల్లు అలాంటి ప్రయోగశాలే అవుతుంది.

భగభగ మండే పొయ్యిలో జరిగేది వేరు. అక్కడ వేడి ఎన్నో వందల డిగ్రీలు. కాయ మంటలో పడగానే దానిలోంచి వచ్చే ఆవిరి, పొగ కూడా అంటుకుని మండుతాయి. క్యాప్సైసిన్ కర్బనం, ఉదజని, ఆమ్లజని, నత్రజనులతో కట్టిన పదార్థం. మంటలో అది విచ్ఛిన్నమై చాలావరకు బొగ్గుపులుసు వాయువుగా, నీటి ఆవిరిగా మారిపోతుంది. వాటికి ఘాటు లేదు. అవే కాయలను ఆరిపోతున్న నివురు మీద వేయండి, కమురు పొగతో ఘాటు కమ్మేస్తుంది. అంటే ఘాటు రావడం, రాకపోవడం చెప్పేది దిష్టి సంగతి కాదు, మంట సంగతి. ఏడుస్తున్న బిడ్డకు కడుపునొప్పో, చెవిపోటో ఉందేమో చూడాలి. బిడ్డ దగ్గర మిర్చి పొగ వేయడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. లేత ఊపిరితిత్తులు, ఉబ్బసం ఉన్నవాళ్ళ ఊపిరితిత్తులు ఆ పొగను తట్టుకోలేవు.

మిర్చి వేయించేటప్పుడు పాటించాల్సింది దీన్నిబట్టి తేలిపోతుంది. ముందే కిటికీలు తెరవాలి. మంట చిన్నదిగా ఉంచి, చెంచాడు నూనె వేయాలి. నూనె వేడిని కాయ అంతటా సమంగా పరుస్తుంది, కారపు దుమ్మును కూడా కొంత పట్టి ఉంచుతుంది. పప్పులు, ధనియాలు వేగాక వాటిని తీసేసి, ఆ మూకుడు వేడిలోనే చివర్లో మిర్చి వేయించుకోవాలి. కాయ గలగలమని, రంగు ఒక మెట్టు ముదరగానే పళ్ళెంలోకి తీసెయ్యాలి. వేడి మూకుట్లోనే వదిలేస్తే పొయ్యి ఆపినా వేగుతూనే ఉంటుంది.

నీళ్ళలో నానిన కాయ

మిరపకు పుట్టిల్లు మెక్సికో. అక్కడ మనుషులు వేల సంవత్సరాలుగా మిరప పండిస్తున్నారు. మనకు అది వచ్చింది 16వ శతాబ్దంలో, పోర్చుగీసు ఓడల మీద. అంతకు ముందు మన వంటకు కారమంటే మిరియాలే. ఇన్ని వేల మైళ్ళ దూరంలో ఉన్నా మెక్సికో వంటింటికీ మనకీ ఒక పోలిక ఉంది. వాళ్ళు ఆంచో, గ్వాహీయో వంటి ఎండుమిర్చి రకాలను ముందు కొమాల్ అనే పెనం మీద కొద్దిగా కాలుస్తారు. తర్వాత వేడినీళ్ళలో నానబెట్టి, మెత్తగా నూరి, ఆ ముద్దను కొవ్వులోనో నూనెలోనో వేయిస్తారు. నిప్పు, నీళ్ళు, నూనె అనే వరసలో. మన రాయలసీమ ఎర్రకారం, ఉల్లికారం చేసేవాళ్ళకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు.

నానబెట్టడం వల్ల ఏం లాభం? ఎండిన తోలు అట్టలా గట్టిగా ఉంటుంది. పొడిగా నూరితే పలుకులు మిగులుతాయి. వేడినీళ్ళు తోలులోకి చొరబడి, దాన్ని పట్టి ఉంచే జిగురు పదార్థాలను మెత్తబరుస్తాయి. అప్పుడు రోట్లో వెన్నలా నలుగుతుంది. తోలు నలిగేకొద్దీ దానిలోని ఎరుపు బయటపడుతుంది. అందుకే నానబెట్టి నూరిన ముద్ద, పొడి కారం కన్నా నిండుగా ఎర్రగా ఉంటుంది. కారం నీళ్ళలో కరగదు కాబట్టి నానబెట్టిన నీళ్ళతో పోయేది కొంచెమే. ఆ నీళ్ళలో కాస్త చేదు దిగిందనిపిస్తే పారబోయండి, రుచిగా ఉంటే నూరేటప్పుడు వాడుకోండి. అరగంట చాలు. రాత్రంతా నానితే వాసన నీరసిస్తుంది.

పులుసులో, సాంబారులో చాలాసేపు మరిగితే కారం తగ్గుతుందా? కొంత తగ్గుతుంది. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఉడికించే పద్ధతిని బట్టి మిర్చిలోని క్యాప్సైసిన్ 18 నుంచి 36 శాతం వరకు తగ్గింది. ఎక్కువ తగ్గింది కుక్కర్‌లో. అయినా మూడింట రెండు వంతుల దాకా మిగిలే ఉంటుంది. అందుకే ఎక్కువైన కారాన్ని మరగబెట్టి పోగొట్టలేం. పప్పో, కొబ్బరిపాలో, పెరుగో కలిపి దాన్ని పంచాల్సిందే.

నాలుక మీద ఏం జరుగుతుంది?

తీపి, పులుపు, ఉప్పు, చేదు రుచులు. కారం ఆ లెక్కలో రుచే కాదు, మంట. మన చర్మంలో, నోట్లో వేడిని పసిగట్టే నాడులున్నాయి. ఆ నాడుల మీద సన్నని ద్వారాల్లాంటివి ఉంటాయి. 43 డిగ్రీలకు పైన వేడి తగిలితే ఆ ద్వారం తెరుచుకుని "కాలుతోంది" అని మెదడుకు కబురు పంపుతుంది. క్యాప్సైసిన్ దొంగతాళం లాంటిది. వేడి లేకపోయినా ఆ ద్వారాన్ని తెరిచేస్తుంది. మెదడుకు అందే కబురు మాత్రం అదే: కాలుతోంది. అందుకే ముఖం ఎర్రబడుతుంది, చెమట పడుతుంది, కళ్ళు, ముక్కు కారతాయి. నోరు మాత్రం కాలలేదు. ఈ ద్వారాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు, స్పర్శను పసిగట్టే ద్వారాలను కనుగొన్న ఆర్డెమ్ పటపూటియన్‌కు కలిపి 2021లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు.

కారం తగిలాక ఆ ద్వారం మరింత సున్నితమై, మామూలు గోరువెచ్చని వేడికి కూడా తెరుచుకుంటుంది. వేడి వేడి అన్నంలో కొత్తావకాయ కలుపుకుంటే అంత మండేది, అదే ఆవకాయ చద్దన్నంలో కాస్త నెమ్మదించేది ఇందువల్లే.

మంట తగ్గాలంటే నీళ్ళు తాగితే లాభం లేదు. కారం నీళ్ళలో కరగదు కాబట్టి చల్లదనం ఉన్నంతసేపే ఉపశమనం. పాలు, పెరుగు, మజ్జిగ బాగా పనిచేస్తాయి. వాటిలోని కేసిన్ అనే మాంసకృత్తి క్యాప్సైసిన్‌ను పట్టుకుని నాలుక మీద నుంచి లాగేస్తుంది. నెయ్యి, ముద్దపప్పు తోడైతే కొవ్వు కూడా సాయం చేస్తుంది. ఆవకాయ అన్నంలో నెయ్యి వేసుకోవడం, భోజనం పెరుగన్నంతో ముగించడం రుచికే కాదు, నోటికి కూడా హాయి. మిర్చి తుంచాక చేతులు మండుతుంటే అదే సూత్రం. ముందు కొంచెం నూనె రాసి రుద్ది, తర్వాత సబ్బుతో కడగాలి. కళ్ళు మాత్రం ముట్టుకోకూడదు.

ఇంతకీ మొక్క ఈ మంటను ఎందుకు తయారు చేసుకుంది? చిలకకు పండుమిర్చి పెడితే చప్పరించి తింటుంది. పక్షుల్లోని వేడి ద్వారాన్ని క్యాప్సైసిన్ తెరవలేదు, వాటికి కారం తెలియదు. చాలా పక్షులు గింజను నమలకుండా మింగి, దూరంగా రెట్టతో విత్తుతాయి. ఎలుకల్లాంటి జంతువులైతే గింజను నమిలేస్తాయి, అది మొలవదు. అమెరికాలోని ఆరిజోనాలో అడవిమిరపను గమనించి 2001లో ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ సంగతిని చూపించారు. మొక్క తన గింజలను నమిలే నోళ్ళను తరిమి, మింగే నోళ్ళను పిలుచుకుంటోంది.

డబ్బాలో పెట్టేముందు

ఎరుపు వెలుతురుకి, గాలికి వెలిసిపోతుందని చెప్పుకున్నాం. నిండు కాయలో తోలు ఆ రంగును కొంత కాపాడుతుంది. పొడి చేశాక ప్రతి రేణువుకూ గాలి తగులుతుంది. అందుకే ఏడాదికి సరిపడా మర పట్టించి గాజు సీసాలో, ఎండ పడే అలమరలో పెడితే ఆరు నెలలకే వెలవెలబోతుంది. కాయలుగా నిల్వ ఉంచుకుని రెండు మూడు నెలలకు సరిపడా పట్టించుకోవడం మంచిది. పొడిని చీకట్లో, గాలి చొరని డబ్బాలో, తడి చెంచా తగలకుండా పెట్టాలి. చోటుంటే ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు.

కొన్న కారంలో కల్తీ ఉందేమో తెలుసుకోవడానికి కూడా ఇప్పటిదాకా నేర్చుకున్నదే ఉపయోగపడుతుంది. గ్లాసు నీళ్ళ మీద చిటికెడు కారం మెల్లగా చల్లండి. మిరప ఎరుపు నీళ్ళలో కరగదు కదా. చల్లిన వెంటనే ఎర్రటి చారలు కిందికి దిగుతుంటే నీళ్ళలో కరిగే కృత్రిమ రంగు కలిపారని అనుమానించాలి. ఇటుకపొడి కలిస్తే గ్లాసు అడుగుకి గరుకుగా చేరుతుంది. నూనెలో కరిగే రంగులు మాత్రం ఈ పరీక్షకు దొరకవు. ఐరోపా దేశాలు 2003లో మిరప పొడిలో సుడాన్ అనే రంగు పట్టుకుని కట్టుదిట్టమైన ఆంక్షలు పెట్టింది అలాంటి కల్తీ వల్లే. నమ్మకమైన మార్గం కాయలు కొని, తొడిమలు తీసి, ఎదురుగా నిలబడి పట్టించుకోవడమే.

చివరిగా ఇంట్లో అందరూ కలిసి చేసే చిన్న పరీక్ష ఒకటి చెబుతాను. ఒకే రకం మిరపకాయలు పన్నెండు తీసుకోండి. ఉడికించిన కందిపప్పును మూడు గిన్నెల్లో సమంగా పోయండి. మొదటి గిన్నెకు నాలుగు కాయలు నిండుగా పోపు పెట్టండి. రెండో గిన్నెకు నాలుగు కాయలు తుంచి పోపు పెట్టండి. మూడో గిన్నెకు నాలుగు కాయలు వేయించి, పొడి కొట్టి కలిపి పోపు పెట్టండి. ఉప్పు, నూనె అన్నింటికీ ఒకటే. పిల్లల చేత రుచి చూపించి, ఏది ఎంత కారంగా ఉందో, ఏది ఎంత కమ్మగా ఉందో వాళ్ళనే చెప్పమనండి. మూడు గిన్నెల్లోనూ పడ్డవి నాలుగేసి కాయలే. ఒక వంటలో కారం ఎంతో చెప్పేది కాయల లెక్క కాదు, వాటిని ఎలా వేశామన్నది. ఈ మాట మీ పిల్లలకు పుస్తకం కన్నా ఆ మూడు గిన్నెలే బాగా నేర్పుతాయి.